మన జాగ, మన పట్నం: జోన్ అంటే ఏమిటి?

అక్షరాలు నేర్చుకున్నాం. బస్సు బోర్డు చదువుతున్నాం. సంఘం పుస్తకంలో సంతకం పెడుతున్నాం. ఇక ఇంకో కాగితం చదవడం నేర్చుకుందాం. అది జాగ కాగితం. దాని వెనుక మన జీవితమంతా కూడబెట్టిన సొమ్ము ఉంటుంది. కాబట్టి ఈ పాఠం నిదానంగా చదవండి. ఇంట్లో వాళ్లకు కూడా చదివి వినిపించండి.

వరంగల్ సంగతి తీసుకుందాం. వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ కలిసి ఒకే పట్నం. 2015లో దీనికి గ్రేటర్ వరంగల్ అని పేరు వచ్చింది. చుట్టూ ఉన్న పల్లెలు కూడా ఇందులో కలిశాయి. నిన్న మొక్కజొన్న వేసిన చేనులో నేడు ప్లాట్ల రాళ్లు కనబడుతున్నాయి. మీది వేరే పట్నమైనా సంగతి దాదాపు ఇదే.

ఒక అక్క, ఒక ప్లాటు

ఒక అక్క ఉందనుకుందాం. బీడీలు చుట్టి, చీటీ ఎత్తి కొన్ని పైసలు జమ చేసింది. ఊరి చివర 100 గజాల ప్లాటు చూసింది. రోడ్డు వైపు 25 అడుగులు, లోపలికి 36 అడుగులు. ప్లాటు వెనుక ఒక మోరీ పారుతున్నది. ధర తక్కువ. బ్రోకరు తొందర పెట్టాడు. అక్క బయానా ఇచ్చింది. రిజిస్ట్రేషన్ ఇంకా కాలేదు.

ఆమె మరిది మేస్త్రీ పని చేస్తాడు. అతన్ని తీసుకుపోయి ప్లాటు చూపించింది. వాళ్ల మాటలు వినండి.

"ఎట్లున్నది తమ్మీ జాగ? నాలుగు పిల్లర్లు పోసి రెండు అర్రలు ఏసుకుంటే సాలు."

"జాగ మంచిగనే ఉన్నది వదినె. గని వెనక పారేది ఏంది?"

"మోరీ. గింత చిన్నది. పన్నెండు అడుగులు ఉంటదేమో."

"మోరీ కాదు వదినె, అది నాలా. పైనున్న కుంట మత్తడి దుంకితే నీళ్లన్నీ దీంట్లెకెల్లే పోతయి. నక్షల ఎంత వెడల్పున్నదో సూసినవా?"

"నక్ష ఎందుకు? కండ్ల ముందట కనబడుతనే ఉన్నదిగద."

"కనబడేది కాదు, నక్షల ఉన్నదే లెక్క. ఎవలో మట్టి పోసి దాన్ని చిన్నగ జేసిన్రు."

ఇద్దరూ మరునాడు ఆఫీసుకు పోయి ఊరి నక్ష చూశారు. నాలా వెడల్పు 40 అడుగులని తేలింది. అంటే 12 మీటర్లు.

ఇప్పుడు నియమం ఏమిటో చూద్దాం. 10 మీటర్ల కంటే వెడల్పున్న నాలా పక్కన 9 మీటర్లు, అంటే సుమారు 30 అడుగులు వదలాలి. ఆ జాగలో ఇల్లు కట్టకూడదు. అక్క ప్లాటు లోపలికి 36 అడుగులు. నాలా హద్దు సరిగ్గా ప్లాటు అంచున ఉందనుకున్నా 36లో 30 తీసేయాలి. మిగిలేది ఎంత?

ఆరు అడుగులు!

ఆరు అడుగుల్లో మంచం పడుతుంది. ఇల్లు పట్టదు. ఒకవేళ నాలా అసలు హద్దు ప్లాటు లోపలికే వస్తే ఆ ఆరు అడుగులు కూడా ఉండవు.

"అయ్యో! మరి బయానా పాయె గద తమ్మీ!"

"బయానా అడుగుదాం. ఇయ్యకపోతే పోలీస్ స్టేషన్‌ల ఫిర్యాదు జేద్దాం. గని వదినె, బయానా కోసమని మిగతా పైసలు కూడ నాలాల పోస్తమా?"

మేస్త్రీ మాట గుర్తు పెట్టుకోండి. పోయిన దాని కోసం ఉన్నది పోగొట్టుకోవద్దు.

పట్నానికి ప్లాను ఎందుకు?

మన ఇంట్లోనే చూడండి. వంట ఒక చోట, పడక ఒక చోట, పశువుల కొట్టం ఒక చోట. పొయ్యి పక్కన గడ్డివాము పెట్టం. పట్నం కూడా పెద్ద ఇల్లు లాంటిదే. బడి పక్కన రైస్‌మిల్లు పెడితే పిల్లలకు ఊక దుమ్ము, చప్పుడు. ఇరుకు సందులో పెద్ద ఫంక్షన్ హాలు కడితే అంబులెన్సు కూడా రాదు. చెరువులో ఇండ్లు కడితే నీళ్లు ఎక్కడికి పోవాలి?

అందుకే పట్నానికి ఒక పెద్ద ప్లాను వేస్తారు. దాన్ని మాస్టర్ ప్లాన్ అంటారు. రాబోయే ఇరవై ఏండ్లు, ఒక్కోసారి అంతకు మించి ఆలోచించి వేస్తారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1975లో పట్టణాభివృద్ధి చట్టం వచ్చింది. ఆ చట్టం కింద ఏర్పడిన సంస్థే కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ. అందరూ దాన్ని 'కుడా' అంటారు. వరంగల్ చుట్టుపక్కల ప్లాను పని దానిదే.

మాస్టర్ ప్లాన్‌లో భూమిని రకరకాలుగా విడదీస్తారు. ఒక్కో భాగాన్ని జోన్ అంటారు. ముఖ్యమైనవి ఇవి:

నివాస జోన్: ఇండ్లు కట్టుకునే చోటు. కిరాణా కొట్టు, కుట్టు మిషను వంటి చిన్న పనులకు సాధారణంగా అడ్డు ఉండదు.

వాణిజ్య జోన్: దుకాణాలు, మార్కెట్లు, హోటళ్లు.

పరిశ్రమల జోన్: మిల్లులు, కార్ఖానాలు.

ప్రజా వినియోగ జోన్: బడులు, దవాఖానాలు, ఆఫీసులు.

వినోద జోన్: పార్కులు, ఆట స్థలాలు.

వ్యవసాయ జోన్: పొలాలు, తోటలు.

ఇవి కాక రోడ్లు, రైలు పట్టాలు, చెరువులు, నాలాలు వేరేగా చూపిస్తారు. పటంలో ఒక్కో జోన్‌కు ఒక్కో రంగు ఉంటుంది. చాలా పటాల్లో నివాస జోన్ పసుపు రంగు, పార్కులు ఆకుపచ్చ రంగు. కానీ రంగులు అన్ని పటాల్లో ఒకే తీరు ఉండవు. పటం మూలన ఒక చిన్న పెట్టె ఉంటుంది. ఏ రంగుకు ఏమి అర్థమో అందులో రాసి ఉంటుంది. ముందు ఆ పెట్టె చదవాలి. తర్వాతే పటం చూడాలి.

చెరువు దగ్గర ఎంత వదలాలి?

వరంగల్ చెరువుల ఊరు. భద్రకాళి చెరువు, వడ్డేపల్లి చెరువు అందరికీ తెలుసు. మన పెద్దలు చెరువులను గొలుసుగా కట్టారు. పై చెరువు నిండితే మత్తడి దుంకి నీళ్లు కింది చెరువుకు పోతాయి. పోయే దారే నాలా. ఆ దారి మూస్తే నీళ్లు ఇండ్లలోకి వస్తాయి. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జూలైలో వానలకు వరంగల్, హన్మకొండ కాలనీల్లో నీళ్లు నిండాయి. జనం బియ్యం, బట్టలు, పిల్లల పుస్తకాలు నెత్తిన పెట్టుకుని బయటపడ్డారు. 2020 వరద తర్వాత నాలాల మీద కట్టిన కట్టడాలను అధికారులు కూల్చివేశారు.

భవన నిర్మాణ నియమాలు 2012లో వచ్చాయి. నీళ్ల పక్కన ఎంత వదలాలో వాటిలో ఇలా ఉంది:

సుమారు 25 ఎకరాలు (10 హెక్టార్లు), అంతకు మించిన చెరువు: నీటి హద్దు నుంచి 30 మీటర్లు, అంటే సుమారు 98 అడుగులు.

అంతకంటే చిన్న చెరువు, కుంట: 9 మీటర్లు, అంటే సుమారు 30 అడుగులు.

10 మీటర్లు దాటిన వాగు, నాలా, కాలువ: 9 మీటర్లు.

10 మీటర్ల లోపు నాలా, కాలువ: 2 మీటర్లు, అంటే సుమారు ఆరున్నర అడుగులు.

ఇక్కడ నీటి హద్దు అంటే ఎండాకాలంలో కనబడే నీళ్లు కావు. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు ఎంత దూరం వస్తాయో అదే హద్దు. దీన్ని ఎఫ్‌టీఎల్ అంటారు. దాని లోపల ఉన్నది శిఖం భూమి. అక్కడ ఏమీ కట్టకూడదు. పట్టా ఉన్నా కట్టకూడదు. చెరువు పక్క ప్లాటును ఎండాకాలంలో చూపించే బ్రోకరుతో జాగ్రత్త!

కోట దగ్గర ఇంకో నియమం

ఖిలా వరంగల్, వేయి స్తంభాల గుడి కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న కట్టడాలు. 2010లో సవరించిన చట్టం ప్రకారం ఇలాంటి కట్టడాల హద్దు నుంచి 100 మీటర్ల వరకు కొత్త ఇల్లు కట్టకూడదు. ఆ తర్వాత ఇంకో 200 మీటర్ల వరకు కట్టాలంటే ప్రత్యేక అనుమతి కావాలి. పాత ఇంటికి మరమ్మతు చేయాలన్నా అనుమతి తీసుకోవాలి. కోట దగ్గర ఎన్నో కుటుంబాలు ఉంటున్నాయి. గోడ కూలితే మళ్లీ లేపుకోవడానికి కూడా కాగితం కావాలి. పైసలు పెట్టే ముందే ఆ కాగితం సంగతి చూసుకోవాలి.

నాలా అంటే రెండు

నీళ్లు పోయే దారి ఒక నాలా. రెవెన్యూ ఆఫీసులో వినబడే 'నాలా' వేరు. వ్యవసాయ భూమిని వేరే పనికి వాడుకోవడానికి ఇచ్చే అనుమతిని అట్లా పిలుస్తారు. దానికి 2006లో చట్టం వచ్చింది.

"నాలా అయింది, ఇల్లు కట్టుకో" అని కొందరు చెబుతారు. ఆ మాట సగమే నిజం. రెవెన్యూ వాళ్లు నాలా ఇచ్చినా మాస్టర్ ప్లాన్‌లో జోన్ మారదు. పటంలో ఆ జాగ పార్కు అని ఉంటే పార్కే. జోన్ మార్చాలంటే వేరే దరఖాస్తు, వేరే రుసుము ఉంటాయి. ప్రభుత్వం ప్రకటన ఇచ్చి అభ్యంతరాలు అడుగుతుంది. తర్వాత ఉత్తర్వు రావాలి.

రిజిస్ట్రేషన్ వేరు, పర్మిషన్ వేరు

ఇది బాగా గుర్తు పెట్టుకోండి. రిజిస్ట్రేషన్ అంటే ఒకరు అమ్మారు, ఒకరు కొన్నారు అని రాసుకోవడం. ఇల్లు కట్టడానికి అది అనుమతి కాదు. కరెంటు మీటరు అనుమతి కాదు. ఇంటి పన్ను రసీదు అనుమతి కాదు. నోటరీ కాగితమైతే అసలు రిజిస్ట్రేషనే కాదు.

ప్లాట్లు చేసి అమ్మే వెంచరుకు లేఅవుట్ అనుమతి ఉండాలి. పట్టణాభివృద్ధి సంస్థ పరిధిలో ఆ సంస్థ ఆమోదం కావాలి. ఒక్క గ్రామపంచాయతీ ముద్ర చాలదు. మంచి లేఅవుట్‌లో నూటికి పది వంతుల జాగ అందరి కోసం ఖాళీగా వదులుతారు. రోడ్లు, ఆ ఖాళీ జాగ పంచాయతీకో మున్సిపాలిటీకో రాసిస్తారు. కొన్ని ప్లాట్లను పని పూర్తయ్యేదాకా తనఖా పెడతారు. మనకు చూపించిన ప్లాటు తనఖాలో ఉందా అని కూడా అడగాలి.

చిన్న ప్లాట్లకు 2020లో తెలంగాణ చట్టం వెసులుబాటు ఇచ్చింది. 75 గజాల లోపు జాగలో కింద ఒకటి, పైన ఒకటి వరకు కట్టుకుంటే ముందుగా అనుమతి అక్కరలేదని చెప్పింది. ఒక్క రూపాయి కట్టి వివరాలు నమోదు చేసుకోవాలి. కానీ చెరువు జాగలో, ప్రభుత్వ జాగలో ఈ వెసులుబాటు లేదు. తప్పు వివరాలు రాస్తే నోటీసు లేకుండా కూల్చవచ్చు. అందుకే పునాది తీసే ముందు మున్సిపల్ ఆఫీసులో ఇప్పటి నియమం అడిగి రాయించుకోండి.

మనం చెబితే వింటారా?

వింటారు. వినాలని చట్టంలోనే ఉంది. 1993 జూన్‌లో అమలులోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ ప్రణాళికను, భూమి వాడకం నియమాలను మున్సిపాలిటీల పనుల జాబితాలో చేర్చింది. ప్లాను ఖరారు చేసే ముందు ముసాయిదాను జనం ముందు పెడతారు. ముసాయిదా అంటే చిత్తు ప్రతి. ఇన్ని రోజుల్లో అభ్యంతరాలు చెప్పండి అని గడువు ఇస్తారు. ఆ గడువులో రాసిచ్చిన కాగితానికి విలువ ఉంటుంది. గడువు దాటాక వంద మంది అరిచినా కష్టం.

కామారెడ్డి సంగతి చూడండి. ముసాయిదా ప్లానులో తమ పొలాలు పరిశ్రమల జోన్‌లో, పెద్ద రోడ్లలో పోతున్నాయని రైతులకు తెలిసింది. అభ్యంతరాలు రాసిచ్చారు. ధర్నాలు చేశారు. 2023 జనవరిలో మున్సిపల్ కౌన్సిల్ ఆ ముసాయిదా వద్దని తీర్మానం చేసింది. వరంగల్ చుట్టూ కూడా 2022లో భూ సమీకరణ (ల్యాండ్ పూలింగ్) ప్రకటన వచ్చింది. రింగు రోడ్డు వెంట ఎన్నో పల్లెల భూములు తీసుకోవాలని చూశారు. రైతులు ఎదురు తిరిగారు. ఆ ఏడే ప్రభుత్వం దాన్ని వెనక్కు తీసుకుంది.

ఆ రైతులు పటం చూశారు. సర్వే నంబర్లు చదివారు. చదివినందుకే సమయానికి తెలిసింది.

రోడ్డు మీద కూరగాయలు, పండ్లు అమ్మే వాళ్లకు కూడా ఒక మాట. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. ఎక్కడ అమ్ముకోవచ్చో, ఎక్కడ కూడదో నిర్ణయించడానికి పట్టణ వెండింగ్ కమిటీ ఉండాలి. అందులో నూటికి 40 మందికి తగ్గకుండా వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. మీ పట్నం కమిటీలో ఎవరున్నారు? అడిగి తెలుసుకోండి.

కొనే ముందు ఎనిమిది ప్రశ్నలు

1. సర్వే నంబరు ఎంత? కాగితంలో, నక్షలో ఒకటేనా?
2. మాస్టర్ ప్లాన్‌లో ఇది ఏ జోన్?
3. ప్లాను రోడ్డు ఏదైనా ఈ జాగలోంచి పోతున్నదా?
4. చెరువు, కుంట, నాలా ఎంత దూరం? నక్షలో హద్దు ఎక్కడ?
5. లేఅవుట్‌కు అనుమతి ఉందా? నంబరు ఎంత?
6. ఇది ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూమా? రిజిస్ట్రేషన్ నిషేధిత జాబితాలో ఉందా?
7. అసైన్డ్ భూమా? పేదలకు ప్రభుత్వం సాగుకు ఇచ్చిన భూమిని అమ్మడం, కొనడం 1977 చట్టం కింద నిషేధం.
8. ఈసీ తీశారా? ముందు ఎవరికైనా అమ్మారా, తనఖా పెట్టారా?

బ్రోకరు "అన్నీ నేను చూసుకుంటా" అంటే సంతోషం. చూసిన కాగితాలు మన చేతికి కూడా ఇమ్మనండి.

లెక్క చేద్దాం

9 చదరపు అడుగులు = 1 గజం
121 గజాలు = 1 గుంట
40 గుంటలు = 1 ఎకరం

1. 27 అడుగులు, 40 అడుగులు ఉన్న ప్లాటు ఎన్ని గజాలు? (జవాబు: 120)
2. రెండు ఎకరాల వెంచరులో నూటికి పది వంతులు ఖాళీ వదలాలి. ఎన్ని గుంటలు? (జవాబు: 8)
3. ప్లాటు లోపలికి 45 అడుగులు. వెనుక హద్దుకు ఆనుకుని 8 మీటర్ల వెడల్పు నాలా ఉంది. నాలా కోసం ఎంత వదలాలి? మిగిలేది ఎంత? (జవాబు: ఆరున్నర అడుగులు వదలాలి. 38న్నర అడుగులు మిగులుతాయి. ముందు, పక్కలా వదలాల్సిన జాగ మళ్లీ వేరు.)

దరఖాస్తు రాద్దాం

సమాచార హక్కు చట్టం 2005లో వచ్చింది. మున్సిపల్ ఆఫీసులో పది రూపాయల రుసుముతో దరఖాస్తు ఇవ్వవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జత చేస్తే రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ కింది దరఖాస్తు చూసి మీ నోటుబుక్కులో రాయండి.

*ప్రజా సమాచార అధికారి గారికి,*
*మున్సిపల్ కార్పొరేషన్, ......................*

*అయ్యా / అమ్మా,*

*సమాచార హక్కు చట్టం, 2005 ప్రకారం ఈ కింది వివరాలు తెలుపగలరు.*

*1. ............ గ్రామం, సర్వే నంబరు ............ మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్‌లో ఉంది?*
*2. ఈ సర్వే నంబరులోని లేఅవుట్‌కు అనుమతి ఉందా? ఉంటే నకలు ఇవ్వగలరు.*
*3. ఈ జాగ పక్కనున్న నాలా / చెరువు హద్దు ఎంత? ఎంత దూరం వదలాలి?*

*రుసుము పది రూపాయలు చెల్లించాను.*

*పేరు: ............ చిరునామా: ............*
*తేదీ: ............ సంతకం: ............*

రెండు ప్రతులు రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో భద్రంగా పెట్టుకోండి. ముద్ర లేని కాగితం ఇచ్చినట్టు లెక్క కాదు.

కొత్త మాటలు

మాస్టర్ ప్లాన్: పట్నం ఎట్లా పెరగాలో చూపించే పెద్ద ప్లాను.
జోన్: ఒకే రకమైన పనికి కేటాయించిన భాగం.
నక్ష: ఊరి భూముల పటం.
శిఖం: చెరువు నిండితే మునిగే భూమి.
ముసాయిదా: ఖరారు కాని చిత్తు ప్రతి.
అభ్యంతరం: మాకు ఇది సమ్మతం కాదు అని తెలిపే మాట.
ఈసీ: జాగ మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపించే కాగితం.

కలిసి మాట్లాడుకుందాం

1. మీ వాడలో వాన నీళ్లు ఎటు నుంచి వచ్చి ఎటు పోతాయి? పెద్దవాళ్లను అడగండి. పాత దారి ఇప్పుడు ఉందా?
2. మీ వాడలో పిల్లలు ఆడుకునే ఖాళీ జాగ లేఅవుట్‌లో ఏమని రాసి ఉంది? ఎవరైనా ఆక్రమించారా?
3. నాలా మీద ఇల్లు కట్టుకున్న పేదవాళ్లు కావాలని కట్టలేదు. తక్కువ ధరకు దొరికిందని, కాగితం చదవరాక కొన్నారు. అమ్మినవాడు పైసలు తీసుకుని పోయాడు. కూలేది కొన్నవాళ్ల ఇల్లు. ఇలా జరగకుండా మీ సంఘం ఏమి చేయగలదు?

ఈ వారం పని: మీ కేంద్రం నుంచి ఐదుగురు కలిసి మున్సిపల్ ఆఫీసు పట్టణ ప్రణాళిక విభాగానికి పోండి. మాస్టర్ ప్లాన్ పటం చూపించమని అడగండి. అందులో మీ వాడ ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. దాని రంగు ఏమిటో, జోన్ ఏమిటో నోటుబుక్కులో రాసుకుని రండి. వచ్చే వారం కేంద్రంలో అందరికీ చదివి వినిపించాలి.